ఒలింపియాలో మన మాట చెప్పడం ఎలా: మంచు చరియల బిల్లయినా, ఉద్యోగ వర్గీకరణ బిల్లయినా

చలికాలం వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి సియాటిల్ దగ్గరి బాథెల్, సమామిష్ వైపు తల్లిదండ్రులవి: "వారం వారం పిల్లల్ని స్నోక్వాల్మీ మంచుకి తీసుకెళ్తున్నాం. మంచు చరియల గురించి ఎవరూ ఏమీ నేర్పరేం? దీని మీద బిల్లు వస్తే మనం ఏమైనా చెప్పొచ్చా?" రెండోది వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసేవాళ్లది: "మా పోస్టుల వర్గీకరణ మార్చే బిల్లు పెట్టారట అన్నా, ఎవరికి చెప్పుకోవాలి?"

రెండింటికీ దారి ఒక్కటే: వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో చట్టసభ కమిటీ విచారణలో మన మాట చెప్పడం. అంతేకాదు, ఈ రెండు విషయాలూ కొండ మీద కలుస్తాయి కూడా. ఐ-90 రహదారి మీద స్నోక్వాల్మీ కనుమ దగ్గర, యూఎస్-2 రహదారి మీద స్టీవెన్స్ పాస్ దగ్గర తెల్లారకముందే పేలుడు పదార్థాలతో మంచును ముందే జార్చి, రోడ్డు శుభ్రం చేసి మనకు దారి ఇచ్చేవాళ్లు రాష్ట్ర రవాణా శాఖ ఉద్యోగులు. వాళ్ల పోస్టుకు ఏ పేరు, ఏ జీతం శ్రేణి అన్నది ఉద్యోగ వర్గీకరణ సంగతే.

మన ఊళ్లో అసెంబ్లీ కమిటీ ముందు మామూలు మనిషికి మైకు దొరకడం అరుదు. ఇక్కడ దొరుకుతుంది, ఒకటి రెండు నిమిషాలే అనుకోండి. పౌరసత్వం అక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లూ, ఓటు లేనివాళ్లూ మాట్లాడొచ్చు. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి ముందే చెప్పేశాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- బిల్లు నంబరు. పేరు కాదు, నంబరే.
- మీ చట్టసభ జిల్లా నంబరు. రాష్ట్రంలో 49 జిల్లాలు. ఒక్కో జిల్లాకు ఒక సెనేటర్, ఇద్దరు ప్రతినిధులు. చట్టసభ వెబ్‌సైటులో మీ చిరునామా కొడితే వస్తుంది.
- ఒక ఈమెయిల్ ఐడీ, ఆఫీసుది కాకుండా సొంతది.
- కెమెరా, మైకు పనిచేసే కంప్యూటరు, అందులో జూమ్.
- క్యాలెండరు. ఇదే ముఖ్యం. సమావేశాలు జనవరి రెండో సోమవారం మొదలవుతాయి. బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులే. 2025లో జనవరి 13న మొదలైతే, 2026లో జనవరి 12న. అరవై రోజులంటే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతాయి.

1. ముందు అది ఏ రకం కాగితమో చూడండి

వాట్సాప్ గ్రూపులో "మంచు చరియల చట్టం వచ్చేస్తోంది" అని వస్తే వెంటనే నమ్మకండి. నంబరు అడగండి. హౌస్ (ప్రతినిధుల సభ) బిల్లుల నంబర్లు 1000 నుంచి, సెనేట్ బిల్లులవి 5000 నుంచి మొదలవుతాయి. 4600ల్లోనో 8600ల్లోనో ఉంటే అది ఒక్క సభ చేసే తీర్మానం. అభినందనో, సంతాపమో, ఒక వారాన్ని ఫలానా అవగాహన వారంగా గుర్తించడమో అందులో ఉంటుంది. చట్టం కాదు, డబ్బు రాదు, సాధారణంగా కమిటీ విచారణ కూడా ఉండదు. దాని మీద మాట్లాడాలని సెలవు పెట్టుకుంటే వృథా.

ఇంకో సంగతి. అవగాహన కార్యక్రమాలకు డబ్బు ఒక్కోసారి విడి బిల్లుగా రాదు, బడ్జెట్ బిల్లులో ఒక షరతుగా రెండు వాక్యాల్లో దాక్కుంటుంది. పేరుతో వెతికితే దొరకదు. బడ్జెట్ బిల్లు పాఠంలో "ఎవలాంచ్" అనే మాటను ఇంగ్లీషులో వెతకండి.

2. బిల్లును చదవండి, శీర్షికను కాదు

ఈ మెట్టు దాటేసి వచ్చేవాళ్లే ఎక్కువ. శీర్షికలో "మంచు భద్రత గురించి" అనో, "రాష్ట్ర ఉద్యోగుల గురించి" అనో ఉంటుంది, అంతే. అసలు విషయం లోపల ఉంటుంది.

వాషింగ్టన్ బిల్లును చదివే కిటుకు చిన్నదే. కింద గీత ఉన్న మాటలు కొత్తగా చేర్చేవి. జంట కుండలీకరణాల మధ్య, అడ్డంగా కొట్టేసి ఉన్నవి తీసేసేవి. మిగతాది ఇప్పటికే ఉన్న చట్టం. "కొత్త సెక్షన్" అని ఉంటే ఆ సెక్షన్ మొత్తం కొత్తదే, అందులో గీతలు ఉండవు.

అవగాహన బిల్లయితే వెతకాల్సిన మాటలు రెండు: ఇంగ్లీషులో "షల్" ఉందా, "మే" ఉందా? మొదటిదైతే ఆ శాఖ చేసి తీరాలి. రెండోదైతే చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. బిల్లు పది పేజీలున్నా దాని బలం ఈ ఒక్క మాటలో ఉంటుంది. ఆ తర్వాత చేసేది ఎవరు, డబ్బు ఎక్కడిది అని చూడండి.

ఉద్యోగ వర్గీకరణ బిల్లు చదవడం కాస్త కష్టం. రాష్ట్ర సివిల్ సర్వీసు చట్టం రాష్ట్ర చట్టాల సంపుటిలో 41.06వ అధ్యాయంలో ఉంది (1960లో ప్రజలే ఓటు వేసి తెచ్చుకున్న చట్టం ఇది, 207వ ఇనీషియేటివ్). అందులో 41.06.070 సెక్షన్ ఒక పెద్ద జాబితా: ఎవరెవరికి సివిల్ సర్వీసు రక్షణ వర్తించదో చెప్పేది. బిల్లు ఈ సెక్షన్‌ను ముట్టుకుందంటే కళ్లు పెద్దవి చేసి చూడండి. జాబితాలో ఒక పోస్టు పేరు కింద గీత ఉంటే, ఆ ఉద్యోగి రక్షణ బయటికి వెళ్తున్నట్టు. కొట్టేసి ఉంటే లోపలికి వస్తున్నట్టు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. "మా పోస్టు పేరు కొత్తగా చేర్చారు" అని సంబరపడ్డ ఒకాయనకు, చేర్చింది మినహాయింపుల జాబితాలో అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

మీ ఒక్కరి పోస్టు మాత్రమే తప్పు వర్గంలో ఉందనుకుంటే మీకు బిల్లు అక్కర్లేదు. మీ శాఖ హెచ్‌ఆర్‌ను పోస్టు సమీక్ష అడగండి. ఏ పనికి ఎంత సమయం పోతోందో రాసుకుని వెళ్లండి. అక్కడ చూసేది మీరు ఎంత బాగా చేస్తున్నారన్నది కాదు, ఎంత పని ఉందన్నదీ కాదు, ఏ రకం పని అప్పగించారన్నది. చట్టసభ దగ్గరికి రావాల్సింది ఒక వర్గం మొత్తానికి సంబంధించిన మార్పయితేనే.

3. బిల్లు ఇప్పుడు ఎక్కడుందో చూడండి

బిల్లు పేజీలో చరిత్ర ఉంటుంది. వరస ఇది: విషయ కమిటీలో బహిరంగ విచారణ, కమిటీ ఓటు, డబ్బు అవసరమైతే ఆర్థిక కమిటీ, ఆపైన రూల్స్ కమిటీ, సభలో ఓటు. తర్వాత అవతలి సభలో ఇదంతా మళ్లీ మొదటి నుంచి. చివరికి గవర్నరు.

మీరు నోరు విప్పగలిగేది బహిరంగ విచారణలో మాత్రమే. "ఎగ్జిక్యూటివ్ సెషన్" అని ఉంటే అది కమిటీ సభ్యులు ఓటు వేసే సమావేశం. పేరు చూసి రహస్యం అనుకోకండి, ఎవరైనా చూడొచ్చు. మాట్లాడటానికి మాత్రం వీల్లేదు.

విచారణ నోటీసు సాధారణంగా ఐదు రోజుల ముందు వస్తుంది. గడువు తేదీలు దగ్గరపడ్డాక ఈ నియమాన్ని పక్కనపెట్టేస్తారు. రేపటి విచారణ ఇవాళ కనిపించవచ్చు. అందుకని బిల్లు పేజీలో ఈమెయిల్ నోటిఫికేషన్ పెట్టుకోండి. ఒకే బిల్లు రెండు సభల్లోనూ జంటగా ఉండొచ్చు. అలా ఉంటే రెండు నంబర్లకూ పెట్టుకోండి.

4. పేరు నమోదు చేసుకోండి, గంట ముందే

చట్టసభ సైటులో కమిటీ సైన్-ఇన్ అని ఉంటుంది. సభ, కమిటీ, సమావేశం, బిల్లు ఎంచుకుంటే నాలుగు దారులు కనిపిస్తాయి:

- ఒలింపియా వెళ్లి స్వయంగా మాట్లాడటం
- జూమ్‌లో మాట్లాడటం
- రాతపూర్వకంగా అభిప్రాయం పంపడం
- ఏమీ మాట్లాడకుండా అనుకూలమో వ్యతిరేకమో రికార్డులో వేయించడం

మొదటి రెంటికీ, చివరిదానికీ గడువు విచారణకు గంట ముందు. రాతపూర్వకమైతే విచారణ మొదలైన సమయం నుంచి 24 గంటల దాకా పంపొచ్చు. మధ్యాహ్నం 1:30కి విచారణ అనుకోండి. మాట్లాడాలంటే 12:30 లోపు నమోదు కావాలి. రాసి పంపడానికి మర్నాడు 1:30 దాకా సమయం ఉంది.

నేను మొదటిసారి ఇక్కడే దెబ్బతిన్నాను. ఉదయం ఎనిమిదింటి విచారణకు ఏడూ పదికి కాఫీ పట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను. తలుపు ఏడింటికే మూసేశారు. రాసి పంపి సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ముందు రోజు రాత్రే నమోదు చేసి పడుకుంటాను.

వైఖరి అడిగినచోట అనుకూలం, వ్యతిరేకం, ఇతరం అని మూడు ఉంటాయి. "ఉద్దేశం మంచిదే, మూడో సెక్షన్ మార్చాలి" అనేది మీ మాటయితే ఇతరం ఎంచుకోవచ్చు. అందరూ మొహమాటానికి అనుకూలం నొక్కేసి, మైకులో మాత్రం లోపాలు ఏకరువు పెడతారు. వినేవాళ్లకు అయోమయం.

హెచ్చరిక: మీరిచ్చే వివరాలు ప్రభుత్వ రికార్డులో భాగం. రాసే అభిప్రాయంలో ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, వీసా సంగతులు, పిల్లల పేర్లు, బడి పేర్లు పెట్టకండి.

రాష్ట్ర ఉద్యోగులకు ఇంకో హెచ్చరిక: సొంత సమయంలో, సొంత లాప్‌టాప్ నుంచి, సొంత ఈమెయిల్‌తో చేయండి. "నేను నా తరఫున మాట్లాడుతున్నాను, మా శాఖ తరఫున కాదు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ శాఖ నైతిక నియమాలు ముందు ఒకసారి చూసుకోండి. యూనియన్ ఉంటే వాళ్లకూ చెప్పండి. చాలాసార్లు వాళ్ల మనిషి అప్పటికే మాట్లాడటానికి సిద్ధంగా ఉంటారు, మీ అనుభవం వాళ్లకు ఉపయోగపడుతుంది.

5. ఒక నిమిషం మాట రాసుకోండి

సమయం ఎంతన్నది కమిటీని నడిపే ఛైర్ చెప్తారు. జనం ఎక్కువుంటే రెండు నిమిషాలు కాస్తా ఒక నిమిషం అయిపోతుంది. ఒక నిమిషానికే రాసుకోండి, రెండు దొరికితే నెమ్మదిగా చెప్పండి. మన సభల్లో లాగా వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పడం మొదలుపెడితే అక్కడే నిమిషం గడిచిపోతుంది.

మాట్లాడేది ఇంగ్లీషులోనే అయినా, ముందు తెలుగులో ఆలోచించి పెట్టుకుంటే గజిబిజి తగ్గుతుంది. వరస ఇలా:

"ఛైర్‌గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం. రికార్డు కోసం, నా పేరు ఫలానా, ఇసాక్వాలో ఉంటాను. ఈ బిల్లుకు అనుకూలం. మేము మంచు పడని ప్రాంతం నుంచి వచ్చాం. మొదటి చలికాలం స్నో లేక్ ట్రెయిల్‌కి పిల్లలతో వెళ్లాం. ఆ దారి మంచు చరియలు జారే వాలుల కింద నుంచి పోతుందని తెలియదు. రెండో సెక్షన్‌లో ఉన్న బోధన సామగ్రి ఇంగ్లీషుతో పాటు ఇతర భాషల్లోనూ ఉండాలని చేర్చమని కోరుతున్నాను. ధన్యవాదాలు."

చూశారుగా: ఎవరు, ఎటువైపు, ఒక అనుభవం, ఒక సెక్షన్, ఒక కోరిక. అంతకు మించి పెట్టకండి. ఇది నమూనా మాత్రమే. ఇదే పాఠాన్ని ఇరవై మంది చదివితే మూడో మనిషికే సభ్యులు ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు. మీ అనుభవం మీరు చెప్పండి.

మంచు చరియల మీద మాట్లాడేవాళ్లకు నాలుగు గట్టి వాస్తవాలు. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారుతాయి. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లలో దాదాపు పదింట తొమ్మిది సందర్భాల్లో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల గుంపులోవాళ్లో. ప్రమాద స్థాయిలు 1 నుంచి 5 దాకా ఉంటే ఎక్కువ మరణాలు మధ్యలో ఉన్న 3వ స్థాయి రోజుల్లోనే, ఎందుకంటే జనం దాన్ని ఫరవాలేదనుకుంటారు. పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం పది, పదిహేను నిమిషాలు దాటాక గబగబా పడిపోతుంది. బయటి సాయం వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి. అవగాహన ఎందుకన్నదానికి ఇంతకన్నా వాదన అక్కర్లేదు.

చరిత్ర కావాలంటే అది ఈ రాష్ట్రంలోనే ఉంది. 1910 మార్చి 1న స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో మంచులో ఇరుక్కుని రోజుల తరబడి ఆగిపోయిన రైళ్లను చరియ లోయలోకి నెట్టేసింది. 96 మంది పోయారు. అమెరికాలో ఇంతకు మించిన మంచు చరియ ప్రమాదం లేదు. కానీ దీన్ని ఒక్క వాక్యంలో దాటండి. కమిటీలో చాలామందికి మీకన్నా బాగా తెలుసు.

పక్క మాట: మన పత్రికలు మంచు కురవడాన్నీ హిమపాతం అంటాయి, చరియ విరిగిపడటాన్నీ హిమపాతమే అంటాయి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు "మంచు చరియలు" అనండి. లేకపోతే "మంచు కురిస్తే భయమెందుకు, గొడుగు పట్టుకోండి" అంటారు. మా ఇంట్లో అన్నారు.

ఉద్యోగ వర్గీకరణ మీద మాట్లాడేవాళ్లు "అన్యాయం" అనే మాటను జేబులో పెట్టుకుని పని గురించి చెప్పండి. మీ పోస్టు వివరణలో ఏముంది, రోజూ చేసేదేమిటి, ఈ బిల్లు వస్తే మీలాంటివాళ్లకు ఏం మారుతుంది. పై అధికారి పేరు తీయకండి. తోటి వర్గాలతో పోల్చి వాళ్లను తక్కువ చేయకండి, వాళ్ల యూనియన్ మనిషి మీ తర్వాతే మాట్లాడొచ్చు.

6. డబ్బు లెక్క చూడండి

బిల్లు పేజీలో ఫిస్కల్ నోట్ ఉంటుంది. ఈ బిల్లుకు ఎంత ఖర్చు, ఎన్ని పోస్టులు అని శాఖలే అంచనా వేసి ఇచ్చేది. మంచి బిల్లులు చాలా ఆర్థిక కమిటీలోనే ఆగిపోతాయి, ఎవరూ వ్యతిరేకించకుండానే. వర్గం మారితే జీతం శ్రేణి మారొచ్చు, జీతం మారితే పింఛను లెక్కా కదులుతుంది. అందుకే వర్గీకరణ బిల్లుకు ఈ కాగితం ప్రాణం. అంచనాలో తప్పుందనిపిస్తే ఏ పేజీలో, ఏ ఊహ తప్పో చెప్పండి. సభ్యులకు నిజంగా పనికొచ్చే మాట అది.

7. ఆ రోజు

జూమ్‌లో మీ పేరు నమోదు చేసిన పేరులాగే ఉండాలి. ఇంట్లో ఒక పేరు, నమోదులో ఇంటిపేరు ముందు, జూమ్‌లో కొడుకు క్లాసు పేరు ఉంటే పిలిచినప్పుడు మిమ్మల్ని కనుక్కోలేరు. అజెండా వరస మారుతుంది. మీ బిల్లు చివర్లో ఉందని స్నానానికి వెళ్లకండి. సమయం చాలక పిలవకుండానే విచారణ ముగించడమూ మామూలే. అలా జరిగితే ఆ 24 గంటల్లో అదే మాటను రాసి పంపండి. సభ్యులు ప్రశ్న అడిగి మీకు జవాబు తెలియకపోతే "కనుక్కుని పంపుతాను" అంటే సరిపోతుంది. ఊహించి చెప్పకండి.

పనివేళల్లో అసలు కుదరనివాళ్లకు వేరే దారులున్నాయి. బిల్లు పేజీలో "కామెంట్" బటన్ నొక్కి చిరునామా ఇస్తే మాట మీ జిల్లా సభ్యులకు వెళ్తుంది. చట్టసభ హాట్‌లైన్ 1-800-562-6000కు ఫోన్ చేసి చెప్పొచ్చు. సభ్యులు పెట్టే టౌన్‌హాల్ సమావేశాలకు వెళ్లొచ్చు. ఐదుగురు కలిసి వెళ్తే గుర్తుంటారు.

8. మాట చేరిందో లేదో సరిచూసుకోండి

- చట్టసభ సమావేశాలను ప్రసారం చేసే టీవీడబ్ల్యూ సైటులో విచారణ వీడియో ఉంటుంది. మీ భాగం చూసుకోండి. వినబడిందా, సెక్షన్ నంబరు సరిగ్గా చెప్పారా?
- కొన్ని రోజులకు బిల్ రిపోర్ట్ వస్తుంది. అందులో అనుకూల, వ్యతిరేక వాదనల సారాంశం, చివర్లో మాట్లాడినవాళ్ల పేర్లు ఉంటాయి. మీ పేరు తప్పు వరసలో ఉంటే కమిటీ సిబ్బందికి వెంటనే రాయండి.
- సారాంశంలో మీ కోరిక కనిపించిందా? కనిపించకపోతే మీరు ఎక్కువ విషయాలు చెప్పారన్నమాట.
- బిల్లుకు కొత్త రూపం వచ్చిందా చూడండి. నంబరు ముందున్న హెచ్‌బీ కాస్తా ఎస్‌హెచ్‌బీగానో, ఎస్‌బీ కాస్తా ఎస్‌ఎస్‌బీగానో మారితే అది సబ్‌స్టిట్యూట్, అంటే తిరగరాసిన బిల్లు. మీరడిగిన మార్పు అందులో ఉందా, లేక మీకు నచ్చిన సెక్షన్ ఎగిరిపోయిందా? పాత రూపం మీద రాసుకున్న మాటే పట్టుకుని అవతలి సభకు వెళ్తే నవ్వులపాలే.

అవతలి సభ విచారణకు మళ్లీ కొత్తగా నమోదు చేసుకోవాలి. మొదటి సభలో చెప్పింది అక్కడికి దానంతటదే వెళ్లదు. ఇది తెలియక ఆగిపోయినవాళ్లు చాలామంది.

9. గవర్నరు బల్ల మీదికి వెళ్లాక

సంతకమో తిరస్కారమో తేల్చడానికి, సమావేశాల మధ్యలో అందితే గవర్నరుకు ఐదు రోజులు, చివరి ఐదు రోజుల్లో అందితే ఇరవై రోజులు, ఆదివారాలు లెక్కలోకి రావు. ఇక్కడ గవర్నరు బిల్లు మొత్తాన్నే కాదు, ఒక్కో సెక్షన్‌నూ తిరస్కరించగలరు. సంతకం అయిందని తెలిసినా ఏ సెక్షన్లకు అయిందో చూడండి. వెంటనే అమలు కావాలనే అత్యవసర నిబంధన లేకపోతే చట్టం సమావేశాలు ముగిసిన 90 రోజులకు అమల్లోకి వస్తుంది. ఉద్యోగులు ఆ తేదీకి ముందే హెచ్‌ఆర్‌కు వెళ్లి కొత్త వర్గం అడిగితే "ఇంకా రాలేదు" అనే అంటారు.

బిల్లు ఏ కమిటీలోనో ఆగిపోతే, మొదట అది ఏ సంవత్సరమో చూడండి. బేసి సంవత్సరంలో ఆగింది మరుసటి సరి సంవత్సరం సమావేశాల్లో అదే నంబరుతో మళ్లీ లేవొచ్చు. సరి సంవత్సరంలో ఆగితే అక్కడితో పోయినట్టే, కొత్త నంబరుతో మళ్లీ పెట్టాలి. అప్పుడు వేసవిలో బిల్లు పెట్టిన సభ్యుల ఆఫీసుకు ఒక ఈమెయిల్ రాయండి: నేను ఫలానా రోజు మాట్లాడాను, ఈ సెక్షన్ ఇలా ఉంటే మా వాళ్లకు ఉపయోగం అని. కొత్త బిల్లులు డిసెంబరులోనే ముందస్తుగా నమోదవుతాయి, వాటి ముసాయిదాలు అంతకు ముందే తయారవుతాయి.